ఉప్పునీటి చేపలకు వేంపల్లె రాళ్లు

2004 జూన్‌లో నన్ను కడపలోని ఒక విజ్ఞాన ప్రదర్శనశాలకు క్యూరేటరుగా బదిలీ చేశారు. గ్యాలరీలు, వాటిలోని వస్తువులు క్యూరేటరు బాధ్యత. మనుషులు, బిల్లులు, ఆవరణ మాత్రం పరిపాలనాధికారి కిందికి వస్తాయి. హోదాలో ఇద్దరం సమానం కాబట్టి ఒకరి మాట ఒకరు వినాల్సిన అవసరం లేదు. నాకు అప్పగించిన మొదటి పని, సముద్రం చూడని పిల్లల కోసం ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేయడం. ఏడాదిలోగా చేపలను బతికించి చూపించకపోతే ఆ గదిని క్యాంటీనుకు ఇచ్చేస్తామని హైదరాబాదు నుంచి ముందే చెప్పేశారు.

అక్వేరియం అనగానే అందరూ చేపల గురించే అడుగుతారు. అసలు సంగతి అడుగున పేర్చే రాళ్లలో ఉంటుంది. చేపల విసర్జన వల్ల నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. అది వాటికి విషం. దాన్ని విరిచే సూక్ష్మజీవులు రాతి రంధ్రాల్లో కాపురం ఉంటాయి. కాబట్టి రాయి సున్నపు జాతిదై, తేలికగా, చిల్లులు చిల్లులుగా ఉండాలి, లోహం కలిసి ఉండకూడదు. సముద్రంలోంచి తీసిన పగడపు రాయికి చట్టం ఒప్పుకోదు. అక్వేరియంల కోసమే విదేశాల నుంచి వచ్చే ఎండురాయి కొంటే మా బడ్జెట్టంతా దానికే సరి.

కడపలో రాళ్లకు కరువా అన్నారు మా పరిపాలనాధికారి చెన్నకేశవులు గారు. నల్లటి కడప బండలకు పాలిష్ పట్టించి పేరుద్దామన్నారు. నీళ్లే ఇంకని బండలో సూక్ష్మజీవులు ఎక్కడుంటాయని అడిగాను. మరుసటి వారం తెల్లగా ఉంటుందని ముగ్గురాయి తెప్పించారు. చిన్న ముక్క ఎత్తినా చెయ్యి లాగేస్తుంది. అంత బరువుందంటే లోపల ఖాళీ లేనట్టేనని మళ్లీ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. ఆయన ఓపికగా విని, "అదంతా సరే మేడమ్, చూసేదానికి బాగుండాల కదా" అన్నారు. గోడకు చెప్పినా ఇంతకంటే నయమనిపించింది.

ఇక నేనే వెనిగర్ సీసా, అయస్కాంతం, బకెట్ పట్టుకుని ఆదివారాలు తిరిగాను. చివరికి వేంపల్లె దగ్గర ఒక ఊటవాగు పక్కన చేలో దొరికింది. ఊటనీళ్లలోని సున్నం ఏళ్ల తరబడి పేరుకుని గట్టిపడిన రాయి అది, బొరుగుల ఉండలా ఉంది. వెనిగర్ చుక్క వేస్తే నురగ పొంగింది. అయస్కాంతం అంటుకోలేదు. బకెట్‌లో వేస్తే బుడగలు వదులుతూ నీళ్లు పీల్చుకుంది. చేను యజమాని ఓబుల్‌రెడ్డి వాటిని మడక దున్నడానికి అడ్డమని గట్టున కుప్ప పోసి పెట్టాడు. "ఎత్తకపో మేడమ్, ఎన్ని గావాలంటే అన్ని. వీటితో శానా ఏగినాం" అన్నాడు. ట్రాక్టరు బాడుగతో పనైపోయింది.

తెచ్చిన రాయిని వెంటనే వాడకూడదు. మంచినీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టాలి. తర్వాత ఉప్పునీళ్లలో వేసి, మోటారుతో నీరు తిప్పుతూ, ఒక రొయ్య ముక్కను కుళ్లనివ్వాలి. అది కుళ్లితే వచ్చే అమ్మోనియాతోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పెరట్లో సిమెంటు తొట్లు కట్టించి రెండు నెలలకు పైగా ఇదంతా చేశాను. గాజు తొట్టె రావడం ఆలస్యమై రాళ్లు పెరట్లోనే ఉండిపోయాయి. వాటిని ముట్టకూడదని, ఎండితే సూక్ష్మజీవులు చచ్చి అవి పనికిరావని పరిపాలనాధికారికి మెమో ఇచ్చి, ప్రారంభోత్సవానికి చేపలు తేవడానికి చెన్నై వెళ్లాను.

ఆక్సిజన్ నింపిన సంచుల్లో చేపలతో తిరిగి వచ్చేసరికి గేటు నుంచి మెట్ల దాకా బాటకు రెండువైపులా నా రాళ్లు వరుసగా ఉన్నాయి. ఒంటినిండా తెల్లటి సున్నం, నడుముకు ఎర్రటి జాజు పట్టీ. నాకు ఒళ్లు మండిపోయింది. సున్నం కొట్టిన మేస్త్రీ మౌలాలిని నిలదీశాను.

"పెద్దసారు చెప్పినాడు మేడమ్. వీఐపీ వస్తాండాడు, ఆవరణలో రాయి కనపడితే సున్నం కొట్టమన్న్యాడు. ఇవి మురుగునీళ్లలో పడుండాయి. కడిగి, ఎండబెట్టి కొట్టినాం" అన్నాడు. చెన్నకేశవులు గారిని అడిగితే మెమో ఫైలులో భద్రంగా ఉందన్నారు.

రాతిలో గట్టిపడిన సున్నం వేరు, ఈ పూత సున్నం ఘాటు వేరు; ఇది నీళ్లలో కరిగితే చేప ఒక్కటీ మిగలదు. సంచుల్లో గాలి సాయంత్రం దాకానే వస్తుంది. తొట్ల అడుగున, వరుసలో పేర్చడానికి పనికిరావని వదిలేసిన చిన్న ముక్కలు తడిగానే ఉన్నాయి. వాటినే చేత్తో దేవి, ఈలోగా వచ్చి చేరిన గాజు తొట్టెలో ఉప్పునీళ్లు నింపి, కుప్పగా పోసి చేపలు వదిలాను. ఆ వారమంతా పూటపూటకూ అమ్మోనియా పరీక్షించి నీళ్లు మార్చాను. రెండు చేపలు చనిపోయాయి. తక్కినవి నిలబడ్డాయి, గది దక్కింది.

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి తొట్టె ముందు ఆగాడు. చేపలను చూసి, కింది కుప్పను చూసి, చెన్నకేశవులు గారి వైపు తిరిగాడు. "ఏమప్పా, బయట అంత మంచి రాళ్లు పెట్టుకోని, దీంట్లో కంకర పోసినారే?" అని అడిగాడు. క్యూరేటరుగారి ఇష్టం సార్ అన్నారాయన.

ప్రభుత్వ ఆవరణలో పని చేసే వస్తువు పని చేస్తున్నట్టు కనబడకపోతే దానికి ఎవరో ఒకరు రంగు వేస్తారు. మెమోలు దాన్ని ఆపవు. ఆ తర్వాత పనిచేసిన ప్రతిచోటా నా సామాను తాళం వేసిన గదిలోనే పెట్టుకున్నాను. తాళం చెవి ఎవరికీ ఇవ్వలేదు.