కుంచం మీద చెయ్యి

నా చిన్నప్పటి కోపం ఒకటి ఇంకా చల్లారలేదు. చల్లార్చుకోవాలని నాకూ లేదు.

అప్పుడు మేం ఒడిశాలో, దామంజోడి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా నాన్నకి ఫ్యాక్టరీలో ఉద్యోగం. గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే మా నాయనమ్మని, జబ్బు చేసేక మా ఇంటికి తెచ్చుకున్నాం. మా వైపు ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. ఆవిడ అంగిట్లో పుండు లేచి, కేన్సరని తేలేసరికి మాట ముద్దయిపోయింది. ఇక ఇంట్లోనే చూసుకోమని, నొప్పి బిళ్ళలిచ్చి ఆసుపత్రి నుంచి పంపేసేరు.

ఆ బిళ్ళలు మా నాన్న బీరువా మీద పెట్టేడు. "ఏడిస్తే ఇద్దాం. ఊరికినే ఇస్తే అలవాటైపోద్ది" అన్నాడు. చూడండి మా ఇంటి తెలివి! పోయే మనిషికి అలవాటైతే ఏం కొంప మునుగుతుందో ఒక్కరూ ఆలోచించలేదు. పైగా మా నాయనమ్మ ఏడ్చే రకం కాదు. కోతల్లో కొడవలి తగిలి వేలు కోసుకుపోతే గుడ్డపీలిక చుట్టుకుని సాయంత్రం దాకా కోసిన మనిషి. మంచం పట్టె గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. ఏడవలేదు కాబట్టి బిళ్ళా లేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "ఎంత ఓర్పమ్మా ఈవిడికి" అని మెచ్చుకుని, టీ తాగి పోయేవారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

పక్కింటి అక్క నర్సు. ఒకనాడు డ్యూటీ దిగి, పాలు తోడెయ్యడానికి కాస్త పెరుగు కోసం వచ్చింది. నాయనమ్మ వేళ్ళు మంచం పట్టెని పట్టుకున్న తీరు చూసి ఆగిపోయింది. నొప్పి ఎలాగుందని ఆవిణ్ణి అడిగితే మా నాన్న జవాబు చెప్పేడు.

"ఏటీ లేదమ్మా, బాగానే ఓర్సుకుంటంది."

అక్క ఆయన వైపు కూడా చూడలేదు. తిన్నగా వంటింట్లోకెళ్ళి, నాయనమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న గింజలు కొలిచే గిద్ద, సోల, కుంచం పట్టుకొచ్చి మంచం పక్కన చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పెట్టింది.

"నువ్వు మాటాడకు మామ్మా. నొప్పి ఎంతుందో కొలిసి సూపించు. గిద్దెడా, సోలెడా, కుంచవా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గింజలు కొలిచిన మనిషి. క్షణం ఆలోచించలేదు. కుంచం మీద చెయ్యేసింది. అంతటితో ఊరుకోకుండా, ఆ చేతిని అంచు మీంచి కిందకి జార్చి నేలంతా చూపించింది. కుంచం నిండి పొర్లిపోతోందన్నమాట.

మా నాన్న తల దించుకున్నాడు. అక్క వదిలితేనా.

"ఆకలని ఏడిస్తేనే మీ అమ్మకి గంజి పోస్తన్నావేటి బాబాయ్?"

తనే కుర్చీ లాక్కుని బిళ్ళలు దింపింది. ఒకటి నలిపి, నీళ్ళలో కలిపి చెంచాతో పోసింది. నొప్పి వచ్చేదాకా ఆగకూడదనీ, గడియారం చూసి వేళకి ఇవ్వాలనీ మా అమ్మకి చెప్పి, పెరుగు సంగతి మర్చిపోయి వెళ్ళిపోయింది.

రెండు రోజులకి నాయనమ్మ చెయ్యి సోల మీదకి వచ్చింది. తర్వాత ఎక్కువ కాలం బతకలేదు గానీ, ఆ ఉన్నన్నాళ్ళూ గోడవైపు కాకుండా మావైపు తిరిగి పడుకుంది. ఒకరోజు నన్ను దగ్గర కూచోబెట్టుకుని జడ కూడా వేసింది, వంకరగా.

మరి అంతకుముందు గోడవైపు తిరిగి పడుకున్న రోజుల మాటేమిటి? మంచానికీ బీరువాకీ మధ్య నాలుగడుగులు. మా నాన్న చెడ్డవాడు కాదు, తల్లంటే ప్రాణం ఆయనకి. అందుకే నాకు మరీ కోపం. ఆయన పోయినా అది పోలేదు.

ఇప్పుడు రాయగడలో, మా అబ్బాయి ఇంట్లో నేనూ మంచం పట్టేను. నాది నయమయ్యే జబ్బు కాదు. ఆ సంగతి డాక్టరు నోటితోనే చెప్పించుకున్నాను. వారానికోసారి ఇంటికొచ్చి చూసే నర్సమ్మాయి మొన్న, నొప్పి ఎలాగుందని అడిగింది.

"మా అమ్మకి ఓర్పెక్కువండీ" అని అందుకున్నాడు మావాడు.

"నువ్వు నోరు ముయ్యి. నొప్పి నాది" అన్నాను. మంచం కింద దాచుకున్న ఆ మూడూ వాడి చేతే పైకి తీయించి, కుంచం మీద చెయ్యేసేను.