నోట్లో పల్లీ ఉన్నంతసేపు

ఈరోజు మధ్యాహ్నం గ్రాఫు పుస్తకాలు కొనడానికి అబిడ్స్ వెళ్ళాను. పోస్టాఫీసు దాటగానే బండి మీద వేగుతున్న పల్లీల వాసన వచ్చింది. పొద్దున నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. తొమ్మిదో తరగతి శ్రావణి మొదటి పీరియడ్ కాగానే నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, ఇంటికి పోవాలంటే బుగులైతంది" అంది. నేను తల ఎత్తకుండానే, "పరీక్షల ముందు భయం అందరికీ ఉండేదే. పొద్దున్నే లేచి లెక్కలు చెయ్యి, పోతుంది" అన్నాను. సరే సార్ అని వెళ్ళిపోయింది. పరీక్షల ఊసు ఆ పిల్ల ఎత్తనే లేదు.

పల్లీల వాసన వస్తే నాకు యాదమ్మ మేడం గుర్తొస్తారు. కొన్నేళ్ళ కిందట, పిల్లల మనసు బాగోగులు ఎలా కనిపెట్టాలో టీచర్లకు నేర్పడానికి నాంపల్లిలోని మా బడికి శనివారాలు వచ్చేవారు. జనగామ వైపు పల్లెలో పుట్టి, కౌన్సిలర్‌గా పనిచేసిన మనిషి. కుంగుబాటు, ఆందోళన లాంటి బరువైన మాటలు రాసుకుందామని మేమంతా కలాలు తీసి కూర్చుంటే, ఆవిడ సంచిలోంచి పొట్లం తీసి తలా గుప్పెడు పల్లీలు పంచారు. "నేను పిల్లను. నా బాధ మీకు చెప్త. మీరు నోట్ల ఒక పల్లీ ఏసుకోండ్రి. మెల్లగ నమిలి మింగినంకనే మాట్లాడాలె."

మొదటి వంతు నాది. మా తాతలు కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. పుట్టింది ఇక్కడే అయినా, మా ఇంట్లో వినపడని మాటలు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. మేడం చేతులు కట్టుకుని, "సార్, నాకు బుగులైతంది" అన్నారు. నేను పల్లీని గబుక్కున మింగేసి, "బ్యూగిలా? ఆ ఊదే బూర పీఈటీ సారు దగ్గరుంటుంది, వెళ్ళి అడుగు" అన్నాను.

హాలంతా ఘొల్లుమంది. పీఈటీ సారు లేచి, "నా తాన డ్రమ్మొక్కటే ఉన్నది సారూ, అది గూడ చినిగింది" అన్నాడు.

"బుగులంటే భయం సారూ" అన్నారు మేడం, నవ్వు ఆపుకుంటూ. "గుండెల దడదడ అంటది. అట్ల జూస్తె డ్రమ్మే జర దగ్గర."

పరువు నిలబెట్టుకుందామని మరుసటి శనివారం నేనే ముందుకొచ్చాను. ఆవిడ బాధ సగం చెప్పేసరికే నా దగ్గర సలహా తయారైపోయింది. పల్లీని అలాగే మింగబోతే గొంతుకు అడ్డం పడింది. కళ్ళు తేలేశాను. మేడం వీపు మీద గట్టిగా చరిచి, నీళ్ళ గ్లాసు అందించి, "సలహా ఇయ్యనీకె పాణం మీదికి తెచ్చుకుంటరా సారూ?" అన్నారు.

ఆ సాయంత్రం బస్టాపు దాకా ఆవిడతో నడిచాను. నేను అంత తొందరపడేది పిల్లల బాధ చూడలేకనే అని సమర్థించుకున్నాను. దానికి ఆవిడ, "పిల్ల ఏడుస్తుంటె మనకు గాబరా అయితది. సలహా ఇస్తె మన గాబరా తగ్గుతది. పిల్లది పిల్లకే ఉంటది" అన్నారు. కోపం వచ్చింది నాకు. నిజం కాబట్టి ఇంటికి వెళ్ళాక కూడా తగ్గలేదు. మేడం ఇప్పుడు లేరు. ఆవిడ దగ్గర బుగులు అనే మాటకు అర్థం నేర్చుకున్నానని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఈ పొద్దున ఆ మాట చక్కగా అర్థమైంది, దాని ముందున్న 'ఇంటికి' మాత్రం చెవిన పడలేదు.

గ్రాఫు పుస్తకాలు కొనకుండానే బడికి తిరిగొచ్చాను. నా క్లాసును పక్క గది సారుకు అప్పగించి, శ్రావణిని వరండాలోకి పిలిచాను. "పొద్దున నువ్వు ఇంటి గురించి చెప్తే నేను పరీక్షల గురించి మాట్లాడాను. తప్పు నాది. మళ్ళీ చెప్తావా?"

"ఏం లేదు సార్."

"సరే" అని మెట్ల మీద కూర్చున్నాను. తనూ దూరంగా కూర్చుంది. చాలాసేపటికి, "సార్, మీకేమన్న అయ్యిందా? ఏం మాట్లాడ్తలేరు" అంది అనుమానంగా.

"ఏం కాలేదు. వింటున్నా."

అప్పుడు చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది తన సంగతి. ఇంట్లో వాళ్ళలో ఎవరికి చెప్పమంటావని అడిగితే వాళ్ళ చిన్నమ్మ పేరు చెప్పింది. మా బడి కౌన్సిలర్ గదికి తీసుకెళ్ళి, అక్కణ్ణించే చిన్నమ్మకు ఫోన్ చేశాం. ఆమె అఫ్జల్‌గంజ్‌లో పనిచేసే దుకాణం నుంచి బస్సెక్కి వచ్చింది. గదిలోకి అడుగు పెడుతూనే శ్రావణి వైపు ఉరిమి చూసి, "ఏం జేసింది సార్ మా పోరి?" అంది.

"తనేం చేయలేదమ్మా. పొద్దున నాకు చెప్పుకోబోతే నేను వినలేదు, ఆ తప్పు నాది. మీరు కూర్చోండి, తను చెప్తుంది" అన్నాను.

ఆమె కూర్చుంది. శ్రావణి నా వైపు ఒకసారి చూసి, "చిన్నమ్మా" అని మొదలుపెట్టింది. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.