చిన్నాయన ట్రాక్టరు, నా ఇంజనీరింగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. హనుమకొండలో మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్నాను, ఆ వయసులో అంత జ్ఞానం సహజం. సెలవులకు పాలకుర్తి దగ్గరున్న మా ఊరికి పోతే చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ కనబడేలా పెట్టుకుని తిరిగేవాణ్ణి. (దానితో అప్పటిదాకా నేను విప్పింది మా అమ్మ మిక్సీ ఒక్కటే. ఆ తర్వాత అమ్మ రోట్లోనే రుబ్బుకుంది.)

ఆ ఏడు యాసంగి నాట్లకు ముందు మా చిన్నాయన ఒక పాత మినీ ట్రాక్టరు కొన్నాడు. అమ్మింది చిన్నమ్మ సొంత తమ్ముడే, నాకు మామ వరుస. తెచ్చిన సాయంత్రమే పూజ. "సదువుకున్నోనివి, నీ చేత్తోని బొట్లు పెట్టు బిడ్డా" అని చిన్నాయన పళ్లెం నా చేతికిచ్చాడు. పసుపు ముద్దలా కలిపి, లైట్లకూ, స్టీరింగుకూ, బానెట్ మీద గుండ్రంగా ఏది కనబడితే దానికీ దట్టంగా మెత్తి, పైన కుంకుమ అద్దాను. భక్తిలో గానీ పసుపులో గానీ నేను పిసినారితనం చూపలేదు.

మర్నాడు పొద్దున్నే పొలంలో దిగాం. సాయంత్రానికల్లా మడి బురద దున్ని సిద్ధంగా ఉండాలి. నాటేసే ఆడవాళ్లు తెల్లారి వస్తారు, ఆ ఒక్కరోజు దాటితే ములుగు వైపు వెళ్లిపోతారు, నారేమో అప్పటికే ముదిరింది. ట్రాక్టరు పది నిమిషాలు బ్రహ్మాండంగా నడిచి, దగ్గి, ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. "జరగండి" అన్నాను నేను. ట్యాంకు మూత తీసి డీజిల్ ఉందని చూసి, ఫిల్టర్ విప్పి కడిగి, గాలి తీసి స్టార్ట్ చేస్తే అందుకుంది. చిన్నాయన మొహం వెలిగిపోయింది. నేను గట్టు మీద నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలకు మళ్లీ దగ్గు. ఈసారి మూత తీసి డీజిల్ చూసి, పైపు ఊడదీసి నోటితో ఊదాను. (సగం డీజిల్ నా కడుపులోకే పోయింది. మధ్యాహ్నం దాకా ఏం తిన్నా అదే రుచి.) మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. మూడోసారీ మూత తీసి చూసి, పంపు దగ్గర ఏదో బిగించాను. ఏం బిగించానో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడూ నడిచింది! నేను చేసిన ప్రతి వైద్యమూ పనిచేసింది, పది నిమిషాల పాటు.

నాలుగోసారి ఆగినప్పుడు నాకు మందులు అయిపోయాయి. తెలియదని చెప్పడం మా సిలబస్‌లో లేదు కాబట్టి తీర్పు చెప్పేశాను. "చిన్నాయనా, ఇంజనే పోయింది. తెలిసే అంటగట్టిండు మామ."

అంతే. చిన్నాయన ఫోన్ తీశాడు. "ఏందిరా, సొంత బావకే టోపీ పెడ్తవా? మా ఇంజనీరు సూసిండు, ఇంజను బోరు మొత్తం పోయిందట!" (బోరు మాట నేను అననే లేదు. కానీ వినడానికి బాగుందని ఊరుకున్నాను.) ఫోన్ పెట్టి చిన్నమ్మ వైపు తిరిగాడు. "నీ తమ్ముడు నిలువునా ముంచిండు. ఇగ మీ ఇంటి మొహం సూడ" అని విసురుగా అవతలి గట్టుకు వెళ్లిపోయాడు.

పొద్దున్నే అన్నం గిన్నెతో మా వెంట వచ్చి గట్టు మీద నిలబడ్డ చిన్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. గిన్నె గట్టు మీద పెట్టింది. తర్వాత నాతో మెల్లగా అంది. "బిడ్డా, పొద్దటి సంది సూస్తాన. నువ్వు మూత తియ్యంగనే సుయ్యిమంటాంది. తీసినంక నడుస్తాంది, పెట్టినంక జరసేపటికి ఆగుతాంది. ఆ మూతకేమైందో సూడరాదు?"

నవ్వాను. చదువురాని మనిషి అని జాలిపడుతూ నవ్వాను. ఆమె నన్ను పట్టించుకోకుండా మూత తీసి, కొంగుతో తుడిచి, తల్లోంచి పిన్ను తీసి పొడిచింది. ఎండి గట్టిపడిన పసుపు పెళ్ల ఊడి వచ్చింది. దాని కింద ట్యాంకులోకి గాలి పోవాల్సిన సన్నటి రంధ్రం ఉంది. గాలి ఆడక డీజిల్ కిందికి దిగడం లేదు. నిన్న నా చేత్తో, భక్తిగా, నేనే మూసేశాను.

తర్వాత ఆ బండి చీకటి పడేదాకా ఆగలేదు. మడి తయారైంది. చిన్నాయన సిగ్గుపడుతూ మామకు మళ్లీ ఫోన్ చేసి, "మా పిలగాడే బాగు జేసిండురా" అని నా చేతికిచ్చాడు. "ఏమైందే అల్లుడా?" అన్నాడు మామ. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "వ్యాక్యూమ్ మామా. చాన రేర్ కేసు." పక్కనే నిలబడ్డ చిన్నమ్మ అది విని కూడా నా గుట్టు విప్పకుండా ఖాళీ గిన్నె సర్దుకుంది. పొద్దున తన తమ్ముణ్ణి దొంగను చేసినవాడికి ఆ రాత్రి తనే అన్నం వడ్డించింది.

ఇన్నేళ్ల తర్వాత మొన్న ఒక పెళ్లి భోజనాల్లో మామ నా భుజం మీద చెయ్యేసి పదిమంది ముందు అన్నాడు. "ఆ పొద్దు మా అల్లుడే లేకుంటే నా ఇజ్జత్ పోతుండె." ఎదురు వరసలో చిన్నమ్మ కూర్చుని ఉంది. నేను తల వంచుకుని విస్తరిలో లేని ముక్క కోసం వెతకసాగాను. సిగ్గూ వచ్చింది, ఆ డిప్లొమా పిల్లాడి మీద నవ్వూ వచ్చింది. చిన్నమ్మ వడ్డించేవాణ్ణి పిలిచి, "ఆ ఇంజనీరు సారుకు ఇంక జర కూర ఎయ్యి బిడ్డా, సిగ్గుపడ్తాండు" అంది.