వినోదకు చూపించని బిడ్డ

ప్రసూతి వార్డులో మత్తు వదిలి కళ్ళు తెరిచేసరికి వినోద అరచేతిలో ఎవరో దూద్‌పేడా పెడుతున్నారు. పక్క మంచం మీది గుజరాతీ అమ్మాయికి కొడుకు పుట్టాడు. ఆమె అత్త వార్డంతా తిరిగి మిఠాయి పంచుతూ వినోద దగ్గరికీ వచ్చింది. "నీకేం పుట్టింది బేటీ?" అని హిందీలో నవ్వుతూ అడిగింది.

వినోద ఆ మిఠాయిని గోడకేసి కొట్టింది.

పెద్దావిడ బిత్తరపోయింది. నర్సు పరుగెత్తుకొచ్చి కేకలేసింది. తప్పు ఆ ముసలమ్మది కాదు. చనిపోయిన బిడ్డను కన్న తల్లిని తెచ్చి, ఉయ్యాలల మధ్య పడుకోబెట్టినవాళ్ళది. కానీ ఆ క్షణాన చేతికందింది ఆ మిఠాయి ఒక్కటే.

వినోద పుట్టి పెరిగింది సూరత్‌లోనే. సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పద్మశాలీల పిల్ల. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బజారులో గుజరాతీ. ఏ భాషలోనైనా నోరు పెద్దదేనని చిన్నప్పటి నుంచీ పేరు. భర్త ఉమాకాంత్ ఊరి శివార్లలో సచిన్ అనే చోట పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేస్తాడు. భేస్తాన్‌లో రెండు గదుల ఇల్లు. అత్త వెంకటవ్వ కూడా వాళ్ళతోనే ఉంటుంది. వినోద ఇంట్లోనే కుట్టుమిషన్ మీద చీరలకు లేసు వేసేది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. ఏడో నెల పడింది. మిషన్ నడుస్తుంటే లోపల బిడ్డ తన్నేది, ఆపితే తానూ ఊరుకునేది. ఒకరోజు మిషన్ ఎంతసేపు నడిపినా లోపల అలికిడి లేదు. ఇంట్లో చెబితే "పండుకున్నదేమో" అన్నారు. మర్నాడు స్కానింగ్ గదిలో డాక్టరు ఆమె ముఖం చూడకుండా, తెరనే చూస్తూ, గుండె కొట్టుకోవడం లేదని చెప్పాడు. నొప్పులు రావడానికి మందు పెట్టారు. బతికిన బిడ్డను కన్నట్టే కనాలన్నారు.

కన్నది. ఏడుపు వినబడలేదు. ఒక ఆయా గుడ్డ కప్పిన ట్రే పట్టుకుని తలుపు వైపు నడుస్తోంది.

"చూపియ్యుండ్రి" అంది వినోద.

పక్కన నిలబడ్డ వెంకటవ్వ కోడలి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా. చూస్తే మనాదితోని మంచం పడతవ్."

ఆ చెయ్యి తీసేసే బలం వినోదకు లేదు. అంతలో సూది వేశారు. కళ్ళు మూతలు పడ్డాయి.

ఇంటికి వచ్చాక పాలు పడ్డాయి. పడతాయని డాక్టరు చెప్పలేదు, నర్సు చెప్పలేదు. రవిక తడిసిపోతుంటే వినోద కిందికి చూసుకుని కెవ్వున అరిచింది. వెంకటవ్వ మల్లెపూలు తెప్పించి, పాలు ఇంకిపోవడానికి రొమ్ములకు కట్టు కట్టింది.

"నా పానానికి ఎవరు చెప్పాలె అత్తమ్మా, బిడ్డ లేదని?" అని వినోద పళ్ళు కొరికింది. వెంకటవ్వ కట్టుకు ముడి వేసింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరి దగ్గరా ఒకే మాట. చిన్న వయసు, మళ్ళయితది. కడుపుల పోయింది నయం, పెరిగినంక పోతే ఇంకెంత కష్టం. నయమట! "గా నయమేందో నీ ఇంట్ల కానీ" అని ఒకావిడ ముఖం మీదే తలుపేసింది వినోద. ఆడపిల్లా, మగపిల్లాడా అని ఎవరిని అడిగినా, "తెలుసుకొని ఏం చేస్తవ్" అన్నారే గాని జవాబు చెప్పలేదు.

కార్ఖానాకు సెలవున్న ఒక మధ్యాహ్నం ఉమాకాంత్ అన్నం ముందు కూర్చుని విసుక్కున్నాడు. "ఎన్నొద్దులు గిట్ల కూసుంటవ్? నేను మర్సిపోతలేనా? కండ్లతోని చూసినోన్ని నేనే..."

అక్కడ ఆగిపోయాడు. వినోద మిషన్ ముందు నుంచి లేచింది.

"ఏం చూసినవ్?"

"ఏం లే."

"ఉమాకాంత్! ఏం చూసినవ్?"

పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు. అతను కంచం పక్కకు జరిపాడు. ఆయా ట్రే బయటికి తెచ్చి, చూసుకో అని గుడ్డ తీసిందట. ఆడపిల్ల. తల నిండా నల్లటి జుట్టు. "ముక్కు నీదే" అన్నాడు తల దించుకుని.

వినోద బియ్యం డబ్బాను కాలితో తన్నింది. గదంతా బియ్యం.

"నేను మోసిన. నేను కన్న. నాకు చూపియ్యకుంట నువ్వు చూసినవ్! ఇన్నొద్దులు నోట్లె పెట్టుకొని నా పక్కల పన్నవ్!"

"నువ్వు తట్టుకోలేవని అమ్మ అన్నది, నర్సమ్మ అన్నది..."

"నన్నడిగిన్రా? ఒక్కలన్న నన్నడిగిన్రా? ఏడ వెట్టిన్రు నా బిడ్డను?"

అతనికి తెలియదు. మేం చూసుకుంటామని ఆసుపత్రి వాళ్ళంటే సరే అన్నాడు. ఆ మాట చెప్పి, చేతుల్లో ముఖం దాచుకుని భోరుమన్నాడు. అతను ఏడవడం వినోద చూసింది అప్పుడే. అయినా జాలి కలగలేదు.

"బయటికి పోయి ఏడువు" అంది.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. కౌంటర్‌లో మనిషి ఫోను చూసుకుంటూనే, అంత చిన్నవి వేరే చెత్తతో పాటు బండిలో వెళ్ళిపోతాయన్నాడు. "వేస్ట్ మే జాతా హై."

వినోద రెండు చేతులతో కౌంటర్ అద్దం మీద బాదింది. "వేస్టా? ఎవలు వేస్ట్? నా బిడ్డ వేస్టా?" మూడు భాషల్లోనూ తిట్టింది. వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. గార్డు వచ్చి రెక్క పట్టుకోబోయాడు. ఎప్పుడూ ఇలాంటి చోట భార్యను లాక్కుపోయే ఉమాకాంత్ ఈసారి గార్డుకు అడ్డం నిలబడ్డాడు. "ముట్టకు" అన్నాడు. అంతే అన్నాడు. కానీ ఎంత అరిచినా తేలింది ఒక్కటే. ఆ బిడ్డ ఏ మట్టిలో ఉందో ఇక ఎప్పటికీ తెలియదు.

మట్టి దక్కలేదు, కనీసం పేరైనా పెట్టాలనుకుంది వినోద. కులపోళ్ళను పిలిచి, ఒకపూట అన్నం పెట్టి, నలుగురి ముందు ఆ పేరు చెప్పాలనుకుంది. కులసంఘం పెద్ద రాజనర్సును ఇంటికి పిలిచి ఆ మాట చెప్పింది. ఆయన చాయ్ తాగి కప్పు కింద పెట్టాడు.

"నోట్లె పండ్లు రాని పిల్లలకే కర్మకాండ లేదు బిడ్డా. ఊపిరే తియ్యనిదానికి పేరేంది? నలుగురు నవ్వుతరు."

వినోద నోరు తెరిచేలోగా మూలన కూర్చున్న వెంకటవ్వ లేచింది.

"ఎవడు నవ్వుతడు నర్సన్నా? వాని పేరు చెప్పు. ఉమాకాంత్ కంటె ముందు నాకు రెండు పోయినయ్, నెలలు నిండినంక. మంత్రసాని చాటల ఏసుకొని తీస్కపోయింది. ఆడో మగో గూడ చెప్పలే. అడిగితే మా అత్త నోరు మూసుకొమ్మన్నది. మూసుకున్న. గిన్నేండ్లు మూసుకున్న. ఇగ మూసుకోను, పో!"

రాజనర్సు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. గదిలో అత్తా కోడళ్ళే మిగిలారు.

"గంత తెలిసి నా కండ్లు మూసినవా అత్తమ్మా?"

"మూసిన" అంది వెంకటవ్వ. సాకు చెప్పలేదు. వినోద ఆమెను క్షమించానని అనలేదు. ఆ రాత్రి మాత్రం ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

తర్వాతి ఆదివారం ముగ్గురూ తాపీ నది ఒడ్డుకు వెళ్ళారు. కులపోళ్ళు ఎవరూ రాలేదు. ఆ నదికి తపతి అనే పేరుందని వినోద బళ్ళో చదువుకుంది. ఈ ఊళ్ళోనే పుట్టి ఈ ఊళ్ళోనే పోయిన పిల్లకు అదే పేరు పెట్టింది. చెంబుతో పాలు నీళ్ళలో పోసి, "పేరు పిలువు" అంది భర్తతో. అతను గొణిగాడు.

"గట్టిగ పిలువు. తండ్రివి కావా?"

"తపతీ!" అని అరిచాడు ఉమాకాంత్. అవతల గుడ్డలు ఉతుకుతున్నవాళ్ళు తలెత్తి చూశారు. చూడనీ.

వెంకటవ్వ మిగిలిన పాలు తీసుకుంది. ఆడో మగో తెలియని బిడ్డలకు ఏ పేరు పెట్టాలో ఆమెకు తోచలేదు. "నా పెద్దది, నా చిన్నది" అంటూ పోసింది. చెంబు ఖాళీ అయ్యాక కూడా అలాగే వంచి పట్టుకుని నిలబడితే, వినోద వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

మరుసటి ఎండాకాలం పక్క బిల్డింగులో ఉండే కరుణకు ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆమె భర్త సోమలింగం ఫోన్ చేసేసరికి వినోద కుడుతున్న చీరను అలాగే వదిలి ఆటో ఎక్కింది. కాన్పు గది తలుపు దగ్గర నర్సు ఆపింది. లోపల ఆయా అప్పుడే ట్రే మీద గుడ్డ కప్పుతోంది.

"ముందు తల్లిని అడుగుండ్రి" అంది వినోద హిందీలో. "చూస్తనంటే చూపియ్యుండ్రి. వద్దంటే నేనే పోత. అడగకుంట మాత్రం ఈ తలుపు దాటనియ్య."

నర్సు డాక్టర్ని పిలిచింది. వినోద జరగలేదు. చివరికి వెళ్ళి అడిగారు. కరుణ తల అడ్డంగా ఊపింది. వినోద అడ్డం తప్పుకుని తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి కరుణ గొంతు వినబడింది. "అక్కా, తెమ్మను."

మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి బిడ్డను తల్లి చేతుల్లో పెట్టారు. కరుణ ఆ పిల్లవాడి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది. చెవి వెనక వాసన చూసింది. ఎవరూ తొందర పెట్టకుండా వినోద గుమ్మంలో కాపలా నిలబడింది. సాయంత్రం సోమలింగం, ఉమాకాంత్ కలిసి పిల్లలను పూడ్చే చోటికి తీసుకెళ్ళారు. మట్టి తండ్రే పోశాడు. ఆ చోటు ఏదో కరుణకు తెలుసు. ఇప్పుడు కూడా వెళ్తుంటుంది.

కొన్నాళ్ళకు కరుణ అడిగింది. "నీ కోపం పోయిందా అక్కా?"

"పోలే. ఎందుకు పోవాలె?" అంది వినోద, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఇప్పుడు ఆల్థాన్ నుంచి, సచిన్ నుంచి ముఖం తెలియని ఆడవాళ్ళు ఫోన్ చేస్తున్నారు. ఉమాకాంత్ ఇంట్లో ఉంటే, ఏ దవాఖాన అని మాత్రం అడిగి బండి బయటికి తీస్తాడు. తపతిని తీసుకుపోయిన ఆసుపత్రికే మొన్న మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. కాన్పు గది నర్సు ఆమెను చూసి ముఖం చిట్లించింది.

"మళ్ళీ వచ్చావా?"

"మళ్ళా వచ్చిన" అంది వినోద. "పోయి తల్లిని అడుగు."