ఆకు పర్దా

నిన్న ఆదివారం పొద్దున చెరువుగట్టు మీద కత్తెర చప్పుడు విని ఉలిక్కిపడ్డాను. నాలాగే పక్షుల ఫొటోల కోసం వచ్చిన ఒకాయన, గూటికి అడ్డంగా ఉన్న కొమ్మను కత్తిరించబోతూ కత్తెర ఆడించి చూసుకుంటున్నాడు. ఆ చప్పుడు వింటే నాకు దర్జీపని చేసే ఖైరున్నీసా ఖాలా గుర్తొస్తుంది. పిన్నీ అన్నట్టే ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె పోయి రెండేళ్లయింది.

మడికొండలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె ఇంటి మేడగదిలో కిరాయికి ఉన్నాను. కెమెరా అప్పుడే కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పెరట్లో సీతాకోకచిలుక వాలినా, గొల్లభామ గెంతినా నేలమీద బోర్లా పడుకునేదాన్ని. ఖాలా మిషను ఆపి కిటికీలోంచి నవ్వేది. “ఏం బిడ్డా, పురుగులకు ఆధార్ ఫొటోలు తీస్తానవా?”

ఆ ఏడు పెరట్లోని అంజీర్ చెట్టులో దర్జీపిట్ట గూడు పెట్టింది. రెండు ఆకుల అంచులు కలిపి కుట్టి, లోపల దూది పరిచింది. ఆ దూదిలో ఖాలా ఊడ్చి పారేసిన ఎర్రదారం పోగులు కూడా ఉన్నాయి. “దొంగది, నా దారమే ఎత్తుకపోయింది,” అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది. పిల్లలు మూడు. అవి నోళ్లు తెరిచిన ఫొటో కోసం నా ప్రాణం కొట్టుకునేది. గూటిమీద కప్పులా ఉన్న ఆకు అడ్డమొస్తోందని ఒక పొద్దున దాన్ని పక్కకు లాగి బట్టల క్లిప్పు పెట్టాను. పది ఫొటోలు తీసేసరికి ఆఫీసు నుంచి ఫోను. క్లిప్పు సంగతి మరిచి పరుగెత్తాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఎవరివో పెళ్లి జాకెట్లు మిషను మీద అలాగే పడి ఉన్నాయి. ఖాలా చెట్టు కింద స్టూలెక్కి నిలబడి ఉంది, పెదవుల మధ్య సూది. గూట్లో సూటిగా ఎండ. ఒక పిల్ల తల వాల్చేసింది.

“పొద్దటి సంది తల్లి ఒర్లుతాంది. మిషను చప్పుడుల నాకు సమజ్ కాలే. క్లిప్పు నువ్వే పెట్టినవా?”

“ఆకు అడ్డమున్నది ఖాలా...”

“అడ్డం కాదు బిడ్డా, పర్దా. పసిపిల్లలున్న అర్రకు పర్దా ఉండదా?”

తిట్టినా బాగుండేది. క్లిప్పు తీసినా, కాడ విరిగిన ఆకు వేలాడుతూనే ఉంది. ఆమె పక్క ఆకును గూటిమీదికి వంచి, ఆకుపచ్చ దారంతో రెండు కుట్లు వేసింది. తర్వాత ఇద్దరం తలుపు చాటున కూర్చున్నాం. తల్లి రాకపోతే ఆ పాపమంతా నాదే. నాకు ఏడుపు ఆగలేదు. “ఫికర్ చెయ్యకు, వస్తది,” అంటూనే ఆమె కూడా గూటి మీంచి చూపు తిప్పలేదు. చాలాసేపటికి తల్లి ముక్కున పురుగుతో వచ్చింది. కొత్త ఆకు చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి దూరింది. నా చేయి అలవాటుగా కెమెరా మీదికి పోయింది. ఖాలా దానిమీద తన చేయి పెట్టింది.

“జర ఊకో. తిననీ.”

తల వాల్చిన పిల్ల బతకలేదు. మిగతా రెండూ ఎగిరిపోయాయి. మూడు నోళ్లూ తెరిచిన ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది. దాన్ని ఎవరికీ చూపించలేదు, చెరిపేయనూ లేదు.

నిన్న గట్టుమీద ఆయనకు ఈ కథంతా చెప్పలేదు. “అన్నా, అది అడ్డం కాదు, పర్దా,” అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో గానీ కత్తెర సంచిలో పెట్టేశాడు. ఇద్దరం దూరంగా జరిగి, ఆకుల సందుల్లోంచే తీశాం. నా ఫొటోలో పిట్ట తోక కొసా, ఒక కన్నూ కనిపిస్తున్నాయి. మిగతాదంతా ఆకే.