మూడో సిలిండర్

చొప్పదండిలో మా ఇంటికొచ్చిన అత్తామామలను నా పాత కారులో పెద్దపల్లి చర్చికి తీసుకెళ్లాను. రైల్వే బ్రిడ్జి ఎక్కలేక బండి వణికిపోతుంటే మామ దిగి వెనక నుంచి నెట్టాడు. పొగకు ఆయన తెల్లచొక్కా నల్లబడింది. చర్చి ముందు అందరూ ఆయన్నే చూస్తుంటే నాకు చచ్చేంత సిగ్గేసింది.

మరునాడు ఇంటి ముందు బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వైరును ఊడదీసి, మళ్లీ పెడుతూ విన్నాను. మిగతావి తీస్తే వణుకు పెరిగింది. మూడోది తీసినా చప్పుడు మారలేదు. పనిచేయనిది అదేనన్నమాట. దాని ప్లగ్గు విప్పితే మసి పట్టి ఉంది. కొత్తది బిగించగానే ఇంజన్ సాఫీగా తిరిగింది.

"మామా, బండి మంచిగైంది. మిమ్మల్ని ఇంటికాడ దింపుత," అన్నాను.

"నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. మేం బస్సుల పోతం," అన్నాడాయన సంచి సర్దుకుంటూ.

ఆ మాటలో కోపమేమీ లేదు. అయినా నేను తలెత్తలేకపోయాను.