ముందే చెల్లించిన స్తోత్రం

అబిగేల్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికా ఫుట్‌బాల్. అమెరికాలో ఇర్వింగ్ ఊరి తెలుగు క్రైస్తవ సంఘంలో పెరిగిన ఆడపిల్లకి ఇదేం పోయేకాలమని అడగని ఆంటీ లేదు. నువ్వు ఆడని ఆట ఎలా నేర్పుతావని అడిగిన అంకుల్స్ కూడా ఉన్నారు. వాళ్ళకి వంట రాకపోయినా కూరలో ఉప్పు తగ్గిందని మాత్రం ఠక్కున చెప్పేస్తారు.

చదువుకునే రోజుల్లో ప్రాక్టీసు వీడియోలు తీసే పనితో ఆ లోకంలోకి దూరింది. తర్వాత సహాయకురాలై, ఎదుటి జట్ల ఆటలు కళ్ళు వాచేలా చూసి వాళ్ళ ఎత్తులు కోచ్‌లకి చెప్పేది. ఈ వృత్తిలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. జట్టు ఓడి హెడ్ కోచ్‌ని తీసేస్తే, అతని కిందివాళ్ళంతా తట్టాబుట్టా సర్దుకోవలసిందే. అలా మూడు ఊళ్ళు మారింది. మారినప్పుడల్లా తండ్రి జయరాజు చర్చిలో లేచి, "మా అమ్మాయికి మంచి ఉద్యోగం రావాలని ప్రార్థించండి" అని అడిగేవాడు. ఆమె చేసేది ఆయన లెక్కలో ఉద్యోగమే కాదు.

డిసెంబరులో నాలుగో ఊరూ చేజారింది. ఇంటికొచ్చిన వారానికే రెండు పిలుపులు వచ్చాయి. ఒకటి చర్చిలో తెలిసిన షారన్ ఆంటీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెండోది కాన్సాస్‌లో ఒక చిన్న కాలేజీ. అక్కడ బంతి పట్టుకుని పరిగెత్తే కుర్రాళ్ళందరినీ ఆమె చేతికే అప్పగిస్తారట. ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది దానికోసమే. సరేనని చెప్పేసింది గానీ, ఇంట్లో ఇంకా నోరు విప్పలేదు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళకి కృతజ్ఞతగా స్తోత్రం చెప్పే సాక్ష్యాలప్పుడు జయరాజు మైకు అందుకున్నాడు.

"దేవుడు మా ప్రార్థన విన్నాడండి. అబిగేల్‌కి సాఫ్ట్‌వేర్ జాబ్ వచ్చింది. ఇంకా జాయిన్ అవ్వలేదు గానీ, విశ్వాసంతో ముందే స్తోత్రం చెల్లిస్తున్నా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అబిగేల్‌కి ఒళ్ళు మండింది. కాదంటే తండ్రి మాట నలుగురిలో అబద్ధమవుతుంది. ఊరుకుంటే ఆ చప్పట్లే ఆమెని ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతాయి. లేచి వెళ్ళి మైకు తీసుకుంది.

"అందరికీ వందనాలు. డాడీ అబద్ధం చెప్పలేదు, నేనే ఆయనకి చెప్పలేదు. ఆ జాబ్ నేను తీసుకోవట్లేదు. కాన్సాస్‌కి కోచ్‌గా వెళ్తున్నా. నా జాబ్ కోసం ఇంక ప్రే చేయకండి, నాకు జాబ్ ఉంది. ప్రే చేయాలంటే నా ప్లేయర్స్ మోకాళ్ళ కోసం చేయండి. ఈ గేమ్‌లో ముందు పోయేవి అవే."

ఒక్కరూ ఆమెన్ అనలేదు.

"నా పరువు తీశావు," అన్నాడు జయరాజు ఇంటికెళ్ళాక.

"నా పేరుతో స్తోత్రం చెప్పేముందు నన్ను అడగాల్సింది డాడీ."

ఆమె వెళ్ళేరోజు ఆయన గదిలోంచి బయటికి రాలేదు. అయినా వెళ్ళింది.

సెప్టెంబరులో తొలి ఆట ఓడిపోయారు. మర్నాడు ఆదివారం, కోచ్‌లకి సెలవుండదు. అందరూ కూర్చుని ఓడిన ఆట వీడియో చూస్తున్నారు. అబిగేల్ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్‌లో ఇర్వింగ్ చర్చి ఆరాధన లైవ్ వింటోంది. ప్రార్థన విన్నపాల సమయంలో జయరాజు లేచాడు. ఆమె పళ్ళు బిగించింది.

"మా అమ్మాయి నా మాట వినదు. నేనూ నా ప్రార్థన మానను," అన్నాడాయన. "అందాకా, నిన్న వాళ్ళ జట్టులో ఇరవై రెండో నంబరు అబ్బాయి కుంటుకుంటూ బయటికొచ్చాడు. ఎడమ మోకాలు. ఆ బిడ్డ కోసం ప్రార్థించండి."

ఆ ఆట ఏ టీవీలోనూ రాలేదు. కాలేజీ వెబ్‌సైట్‌లో వెతుక్కుని చూడాల్సిందే.

అబిగేల్ గట్టిగా ఆమెన్ అంది. గదిలో కోచ్‌లంతా తలలు తిప్పి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది.